లైసెన్సు ఉన్నా దక్కని హక్కు: మిన్నెసోటా డీఎఫ్‌ఎల్ తుపాకీ చర్చను మనం ఎలా చదవాలి?

2025 ఆగస్టు 27న అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో, అనన్సియేషన్ చర్చిలో బడి పిల్లలు ప్రార్థనలో ఉండగా కిటికీల గుండా తూటాలు దూసుకొచ్చాయి. ఇద్దరు పిల్లలు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. దానికి రెండు నెలల ముందు, జూన్ 14న, పోలీసు వేషంలో వచ్చిన ఒకడు ఆ రాష్ట్ర ప్రతినిధుల సభ మాజీ స్పీకర్ మెలిస్సా హోర్ట్‌మన్‌ను, ఆమె భర్తను ఇంటి దగ్గరే కాల్చి చంపాడు. ఈ రెండు ఘటనల తర్వాత మిన్నెసోటా రాష్ట్రంలో తుపాకుల చర్చ మళ్ళీ భగ్గుమంది. సైనిక తరహా తుపాకులను నిషేధించాలని హోర్ట్‌మన్ పార్టీ అయిన డీఎఫ్‌ఎల్ గట్టిగా అడుగుతోంది. ఈ విషయం మీద ప్రత్యేక సమావేశం పిలవాలని గవర్నర్ టిమ్ వాల్జ్ అనుకున్నా, ప్రతినిధుల సభలో రెండు పార్టీల మధ్య అది ముందుకు సాగలేదు.

మన తెలుగు టీవీ ఛానళ్ళకు అమెరికా తుపాకీ అంటే ఏ తెలుగు విద్యార్థో కాల్పుల్లో చనిపోయినప్పుడే గుర్తొస్తుంది. ఆ రెండు రోజులూ ‘గన్ కల్చర్’ అని ఊదరగొట్టి వదిలేస్తారు. మేము ఈ చర్చను వేరే కారణంతో గమనిస్తున్నాం. ఎడమవైపు మొగ్గే ఒక రాష్ట్ర పార్టీలో తుపాకీ హక్కును సమర్థించేవాళ్ళు ఎవరు, ఎందుకు సమర్థిస్తున్నారు, వాళ్ళలో ఎవరి మాట చెల్లుతోంది, ఎవరి మాట వినబడటం లేదు అన్నది కులం తెలిసినవాళ్ళకు పరాయి ప్రశ్న కాదు.

డీఎఫ్‌ఎల్ అంటే డెమోక్రటిక్-ఫార్మర్-లేబర్ పార్టీ. దేశమంతా డెమోక్రాట్లు అని పిలిచే పార్టీకి మిన్నెసోటాలో ఉన్న పేరు అది. 1944లో అక్కడి డెమోక్రాట్లు, రైతులూ కార్మికులూ కలిసి పెట్టుకున్న ఫార్మర్-లేబర్ పార్టీ ఒక్కటై ఇది పుట్టింది. ఉత్తరాన ఐరన్ రేంజ్ అనే ఇనుప గనుల ప్రాంతం ఉంది. అక్కడి గని కార్మికుల యూనియన్లు దశాబ్దాల పాటు ఈ పార్టీకి వెన్నెముక. ఆ కార్మికులకు నవంబరు వస్తే జింకల వేట పండగ లాంటిది. ఇంట్లో తుపాకీ ఉండటం వాళ్ళకు రాజకీయం కాదు, మన పల్లెల్లో ఇంటింటా కొడవలి ఉన్నట్టే. మిన్నెసోటా రాజ్యాంగంలో ఆయుధ హక్కు గురించి ప్రత్యేక నిబంధన లేదు. కానీ 1998లో ప్రజలు ఓటు వేసి, వేట, చేపల వేట తమ వారసత్వం అని అదే రాజ్యాంగంలో రాయించుకున్నారు. ఆ రాష్ట్రం స్వభావం అందులోనే తెలిసిపోతుంది.

కాబట్టి డీఎఫ్‌ఎల్‌లో తుపాకీ హక్కుకు మద్దతు కొత్తగా పుట్టలేదు. ఇప్పుడు నిషేధం కావాలంటున్న వాల్జే ఒకప్పుడు అందుకు ఉదాహరణ. దక్షిణ మిన్నెసోటా గ్రామీణ నియోజకవర్గం నుంచి 2007లో అమెరికా కాంగ్రెస్‌కు వెళ్ళినప్పటి నుంచి ఆయన ఎన్‌ఆర్‌ఏ అనే తుపాకీ హక్కుల సంఘం దగ్గర ‘ఏ’ గ్రేడు తెచ్చుకున్న నాయకుడు. 2017లో లాస్ వేగాస్, 2018 ఫిబ్రవరిలో పార్క్‌లాండ్ బడి కాల్పుల తర్వాత, గవర్నర్ పదవికి పోటీ చేస్తున్న కాలంలో ఆయన దారి మార్చుకున్నారు. అదే సంఘం ఆయనకు ఆ తర్వాత ‘ఎఫ్’ ఇచ్చింది. 2023లో డీఎఫ్‌ఎల్ చేతిలో గవర్నర్ పదవి, రెండు సభలూ ఉన్నప్పుడు రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి, ప్రైవేటుగా చేతులు మారే పిస్తోళ్ళకు, సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకులకు కూడా నేపథ్య తనిఖీ. రెండోది, తనకు గానీ ఇతరులకు గానీ ప్రమాదం అనిపించిన వ్యక్తి నుంచి కోర్టు ఉత్తర్వుతో తాత్కాలికంగా తుపాకులు తీసుకునే చట్టం. సెనేట్‌లో అప్పుడు డీఎఫ్‌ఎల్ బలం 34, ప్రతిపక్షం బలం 33. ఉత్తరాది గ్రామీణ సీట్ల నుంచి వచ్చిన సొంత సెనేటర్లు చివరిదాకా ఊగిసలాడారు. ఒక్క ఓటు తేడాతో బయటపడింది.

అక్కడి పత్రికలు ఈ కథను ఇలాగే చెబుతాయి: ఒక పక్క పిల్లల భద్రత అడిగే నగరాల తల్లిదండ్రులు, ఇంకో పక్క తాతల నాటి తుపాకీని వదలని పల్లె వేటగాళ్ళు, మధ్యలో ఓట్లు లెక్కపెట్టుకునే పార్టీ. రెండు పక్షాల్లోనూ మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళే. ఈ బొమ్మలో లేనివాళ్ళ గురించి మాట్లాడుకుందాం.

2016 జూలై 6. సెయింట్ పాల్ నగరం పక్కనే ఉన్న ఫాల్కన్ హైట్స్‌లో ఫిలాండో కాస్టీల్ అనే 32 ఏళ్ళ నల్లజాతి యువకుడి కారును పోలీసు ఆపాడు. కాస్టీల్ ఒక బడి భోజనశాలలో సూపర్‌వైజర్. ఆయనకు తుపాకీ వెంట ఉంచుకునే పర్మిట్ ఉంది. తన దగ్గర తుపాకీ ఉందని తనంతట తానే మర్యాదగా పోలీసుకు చెప్పాడు. కొన్ని క్షణాల్లో పోలీసు ఏడు సార్లు కాల్చాడు. కారులో స్నేహితురాలు, వెనక సీట్లో ఆమె నాలుగేళ్ళ కూతురు ఉన్నారు. అంతకుముందు కాస్టీల్‌ను చిన్న చిన్న ట్రాఫిక్ కారణాలతో పోలీసులు కనీసం 46 సార్లు ఆపి ఉన్నారని తర్వాత రికార్డుల్లో బయటపడింది. మర్నాడు డీఎఫ్‌ఎల్ గవర్నర్ మార్క్ డేటన్, కారులో ఉన్నది తెల్లవాళ్ళయితే ఇలా జరిగి ఉండేదని తాను అనుకోవడం లేదని బహిరంగంగా అన్నారు. 2017 జూన్‌లో జ్యూరీ ఆ పోలీసును నిర్దోషిగా వదిలేసింది. చట్టప్రకారం తుపాకీ పెట్టుకునే ప్రతి పౌరుడి కోసం గొంతు చించుకునే ఎన్‌ఆర్‌ఏ, కాస్టీల్ చనిపోయిన రోజుల్లో ఆయన పేరు కూడా ఎత్తకుండా పొడిపొడి ప్రకటన ఒకటి ఇచ్చి ఊరుకుంది.

2022 ఫిబ్రవరి 2 తెల్లవారుజామున మినియాపొలిస్‌లో తలుపు తట్టకుండా చొరబడే వారంటుతో పోలీసులు ఒక అపార్ట్‌మెంటులోకి వచ్చారు. సోఫా మీద దుప్పటి కప్పుకుని పడుకున్న అమీర్ లాక్ అనే 22 ఏళ్ళ నల్లజాతి యువకుడిని పది సెకన్లు కూడా గడవకముందే కాల్చి చంపారు. ఆ వారంటులో అతని పేరు లేదు. అతని చేతిలో ఉన్న తుపాకీకి పర్మిట్ ఉంది. నిద్రలోంచి ఉలిక్కిపడి లేచిన మనిషి తన ఇంట్లోకి ఎవరో చొరబడ్డారని తుపాకీ అందుకోవడం ఆత్మరక్షణ అని ఎన్‌ఆర్‌ఏ వాళ్ళే రోజూ పాఠం చెబుతారు కదా! ఆ ఏప్రిల్‌లో, పోలీసు మీద కేసు నిలబడదని రాష్ట్ర అటార్నీ జనరల్ కీత్ ఎల్లిసన్ ప్రకటించారు. ఆయన డీఎఫ్‌ఎల్ నాయకుడు, స్వయంగా నల్లజాతి మనిషి. తప్పు ఆయన ఒక్కడిదని మేము అనడం లేదు. పోలీసుకు ‘భయమేసింది’ అంటే చాలు అన్నట్టుగా ఉన్న చట్టం ముందు ఎవరు ఆ కుర్చీలో కూర్చున్నా జరిగేది దాదాపు ఇదే. మనకు ముఖ్యమైంది కూడా అదే.

ఈ రెండు చావుల మధ్యలో 2020 మే నెల ఉంది. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత మినియాపొలిస్ తగలబడుతున్న రాత్రుల్లో ఉత్తర భాగంలోని నల్లజాతి వాడలకు పోలీసు రాలేదు. అప్పుడు స్థానిక ఎన్‌ఏఏసీపీ పిలుపుతో కొందరు నల్లజాతి పౌరులు ‘మిన్నెసోటా ఫ్రీడమ్ ఫైటర్స్’ అని జట్టుకట్టి, తుపాకులు పట్టుకుని తమ దుకాణాలకు కాపలా కాశారు. డీఎఫ్‌ఎల్‌కు కంచుకోట లాంటి వాడలు అవి. వాళ్ళ దగ్గర తుపాకీ వేట వారసత్వం కాదు, ఎన్‌ఆర్‌ఏ స్టిక్కరు కూడా కాదు. రాజ్యం రానిచోట, వచ్చినా తమ మీదకే వచ్చేచోట తమను తాము కాచుకోవడం.

ఈ మూడో గొంతుకు అమెరికాలో పెద్ద చరిత్రే ఉంది. 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి టేనీ, నల్లవాళ్ళను పౌరులుగా ఒప్పుకోకూడదనడానికి చూపిన భయాల్లో ఒకటి, ఒప్పుకుంటే వాళ్ళు ఎక్కడికెళ్ళినా ఆయుధాలు పట్టుకుని తిరిగే హక్కు వస్తుందని. బానిసత్వం పోయిన 1865లోనే మిసిసిపి రాష్ట్రం, విముక్తులైన నల్లవాళ్ళు స్థానిక పోలీసు బోర్డు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోరాదని చట్టం చేసింది. లైసెన్సు ఇచ్చేది నిన్నటిదాకా యజమానులుగా ఉన్నవాళ్ళే. 1873 ఏప్రిల్‌లో లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో కోర్టు భవనాన్ని కాపాడుకుంటున్న నల్లజాతి పౌరులను తెల్ల సాయుధ మూక పదుల సంఖ్యలో చంపింది. 1876లో సుప్రీంకోర్టు క్రూక్‌షాంక్ కేసులో ఆ హంతకుల శిక్షలను కొట్టేసింది. నల్లవాళ్ళ చేతిలో తుపాకులు లేక వాళ్ళు చనిపోలేదు. కొన్ని తుపాకులు ఉన్నాయి. అవతలి పక్కన ఎక్కువ తుపాకులున్నాయి, ఒక ఫిరంగి ఉంది, ఆ తర్వాత కోర్టు కూడా ఉంది.

1956 జనవరిలో మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన తుపాకీ వెంట ఉంచుకునే పర్మిట్‌కు దరఖాస్తు చేశాడు. అధికారులు ఇవ్వలేదు. అహింసకు ప్రతీకగా మనం ఫొటో పెట్టుకునే మనిషి దరఖాస్తు కూడా ఆ అధికారి బల్ల దగ్గరే ఆగిపోయింది.

ఎడమవైపు పార్టీల పాత్ర ఇంతవరకు ఎక్కడా రాలేదని అనుకునేవాళ్ళకు కాలిఫోర్నియా ఉంది. 1966లో ఓక్‌లాండ్‌లో పుట్టిన బ్లాక్ పాంథర్లు, చట్టం అనుమతించిన పద్ధతిలోనే తుపాకులు బాహాటంగా పట్టుకుని, నల్లవాళ్ళను ఆపే పోలీసుల వెంట నడిచి వాళ్ళను గమనించేవాళ్ళు. (ఆరేళ్ళ తర్వాత బొంబాయిలో దళిత్ పాంథర్స్ తీసుకున్నది ఈ పేరునే.) దానికి జవాబుగా మల్ఫోర్డ్ అనే రిపబ్లికన్ సభ్యుడు, జనం మధ్య నిండు తుపాకీ పట్టుకు తిరగడాన్ని నిషేధించే బిల్లు తెచ్చాడు. 1967 జూలైలో గవర్నర్ రీగన్ సంతకం చేశాడు. ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ బిల్లును కలిసి ప్రవేశపెట్టిన వాళ్ళలో డెమోక్రాట్లూ ఉన్నారని, అప్పటి శాసనసభ డెమోక్రాట్ల చేతిలోనే ఉందని చాలామంది చెప్పరు. నల్లవాడి చేతిలో తుపాకీ కనబడగానే కుడి, ఎడమ ఒక్కటయ్యాయి.

న్యూయార్క్ కథ ఇంకా దగ్గరిది. 1911లో అక్కడ డెమోక్రాట్ నాయకుడు టిమోతీ సలివాన్ పేరుతో వచ్చిన చట్టం పిస్తోలు లైసెన్సును పోలీసు అధికారి విచక్షణకు వదిలింది. వందేళ్ళ తర్వాత ఆ లైసెన్సు పద్ధతిని సవాలు చేసిన బ్రూయెన్ కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తుపాకీ సంఘాల పక్కన నిలబడి కోర్టుకు వాదన సమర్పించిన వాళ్ళలో బ్రాంక్స్, బ్రూక్లిన్‌లలో పేదల తరఫున కేసులు వాదించే పబ్లిక్ డిఫెండర్లు, నల్లజాతి లీగల్ ఎయిడ్ లాయర్లు ఉన్నారు. అమెరికాలో వీళ్ళకంటే ఎడమవైపు ఉండే లాయర్లు దొరకడం కష్టం. వాళ్ళు కోర్టు ముందు పెట్టిన లెక్క ఇది: న్యూయార్క్ రాష్ట్ర జనాభాలో నల్లవాళ్ళు 18 శాతం, తుపాకీ కలిగి ఉన్నారన్న పెద్ద నేరాల కేసుల్లో 78 శాతం. జనాభాలో 70 శాతం ఉన్న తెల్లవాళ్ళు ఆ కేసుల్లో 7 శాతం. రాజ్యాంగం ఒక హక్కు అని చెప్పేది, మా కక్షిదారులకు మాత్రం జైలు శిక్ష అవుతోందన్నది వాళ్ళ వాదన సారం. 2022 జూన్‌లో కోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది. తీర్పులోని చరిత్ర వాదనతో మాకు చాలా పేచీలున్నాయి. కానీ ఆ లాయర్లు చూపించిన లెక్కను డెమోక్రాట్లు ఎప్పుడూ నేరుగా ఎదుర్కోలేదు.

ఇక్కడ ఒక తొందరపాటు ముగింపు ఊరిస్తుంది: అణగారినవాళ్ళ చేతికి తుపాకులు ఇవ్వండి, లెక్క సరిపోతుంది అని. మేము అలా అనలేం. అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలు, మిన్నెసోటాలో ఆ వాటా ఇంకా ఎక్కువ. తుపాకీ హత్యలకు బలవుతున్నది జనాభా వాటాకు మించి నల్లజాతి యువకులే. అందుకే సర్వేల్లో నల్లజాతి ఓటర్లు తెల్లవాళ్ళ కంటే ఎక్కువగా కఠినమైన తుపాకీ చట్టాలనే కోరతారు. చర్చిలో పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల డిమాండు న్యాయమైనది. దానికి అడ్డం పడేవాళ్ళు కాస్టీల్ పేరు వాడుకోవడం మాకు రోత పుట్టిస్తుంది. కాస్టీల్ బతికుండగా ఆయన హక్కు వాళ్ళకు గుర్తుకు రాలేదు.

అయినా డీఎఫ్‌ఎల్ తప్పించుకుంటున్న ప్రశ్న ఒకటుంది. మిన్నెసోటాలో పిస్తోలు కొనడానికి కావలసిన పర్మిట్ ఇచ్చేది స్థానిక పోలీసు చీఫ్ లేదా షెరిఫ్. 2023 చట్టం కింద తుపాకీ తీసేసుకోమని కోర్టుకు వెళ్ళగలిగినవాళ్ళలో కుటుంబ సభ్యులతో పాటు పోలీసు అధికారులూ ఉన్నారు. రేపు నిషేధం వస్తే, ఎవరి కారు ఆపి వెతకాలో నిర్ణయించేది కూడా వాళ్ళే. కాస్టీల్‌ను 46 సార్లు ఆపిన యంత్రాంగం అదే. ఆ యంత్రాంగాన్ని అలాగే ఉంచి తుపాకీ చట్టాన్ని మాత్రమే బిగిస్తే, తెల్ల పల్లెలో అది ఒక ఫారం, నల్ల వాడలో అది ఒక సోదా. వేటగాళ్ళ ఓట్ల కోసం చట్టాన్ని సడలించే డీఎఫ్‌ఎల్ సెనేటరు కూడా, అమీర్ లాక్ లాంటివాడి పర్మిట్‌కు పోలీసు దగ్గర విలువ ఎలా వస్తుందన్నదానికి జవాబు చెప్పడు. సమర్థించేవాళ్ళు, వ్యతిరేకించేవాళ్ళు ఇద్దరూ తుపాకీ గురించే మాట్లాడుతున్నారు. దాన్ని చూసి ఎవరిని పౌరుడు, ఎవరిని ప్రమాదం అని ఎంచాలో తేల్చే మనిషి గురించి మాట్లాడటం లేదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం, ఎందుకంటే ఇదే ప్రశ్న మన చట్టంలో రాసి ఉంది. 1878 నాటి బ్రిటిష్ ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు పెట్టి యూరోపియన్లను మినహాయించింది. అందుకే 1931 కరాచీ తీర్మానంలో కాంగ్రెస్ ఆయుధం కలిగి ఉండే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగంలో పెట్టాలని అడిగితే బాబాసాహెబ్ అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఎవరైనా బజారుకు వెళ్ళి అడ్డూ అదుపూ లేకుండా ఆయుధాలు కొనుక్కునే పరిస్థితిలో ఏ రాజ్యమూ పాలన సాగించలేదన్నది ఆయన జవాబు. ఊళ్ళో ముందుగా తుపాకీ కొనగలిగే ఇల్లు ఏదో ఆయనకు తెలియకుండా ఉంటుందా?

అదే దారిలో 1995 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాల్లో మూడో నియమం వచ్చింది. అత్యాచారాలు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాల్లో రాష్ట్ర ప్రభుత్వం ఏం చేయాలో అది వరసగా చెబుతుంది. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ ఆయుధ లైసెన్సులను, వాళ్ళ దగ్గరి బంధువులవి, పనివాళ్ళవి, కుటుంబ మిత్రులవి కూడా రద్దు చేసి ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అక్రమ తుపాకులన్నీ స్వాధీనం చేసుకోవాలి. ఆ తర్వాతే, ప్రాణానికీ ఆస్తికీ రక్షణగా అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి. ఈ వరస గమనించండి. ముందు అవతలి చేతిలోంచి తీయమంటోంది, మన చేతికి ఇవ్వడం చివర వస్తోంది.

మన చర్చల్లో మాత్రం చివరిదే ముందుకొస్తుంది. 2020 అక్టోబరులో హథ్రస్ దారుణం తర్వాత చంద్రశేఖర్ ఆజాద్ 20 లక్షల మంది బహుజనులకు ఆయుధ లైసెన్సులు, కొనుగోలుకు 50 శాతం సబ్సిడీ అడిగారు. ఆ ఆగ్రహం మాకు అర్థమవుతుంది. 2016 చివరి నాటికి దేశంలో ఉన్న 33 లక్షల పైచిలుకు లైసెన్సుల్లో 12.77 లక్షలు ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్నాయి. కానీ కాస్టీల్ దగ్గర ఉన్నది లైసెన్సే. దళితుడి నడుముకు తుపాకీ కనబడితే మన ఎస్సై ఏ సెక్షన్ గుర్తు తెచ్చుకుంటాడో, ఊరి పెద్దలు ఏ పేరు పెడతారో ఊహించడం కష్టం కాదు. బీహార్‌లో 1997 డిసెంబరు 1న లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన 58 మందిని చంపింది. 2013లో పాట్నా హైకోర్టు 26 మంది నిందితులనూ వదిలేసింది. మన చుండూరులో 1991 ఆగస్టు 6న చంపడానికి తుపాకీ కూడా అక్కర్లేకపోయింది. గొడ్డళ్ళు, బరిసెలు చాలాయి. పోలీసులు ఊళ్ళోనే ఉన్నారు. 2014లో ఆ కేసులో కూడా హైకోర్టు అందరినీ విడుదల చేసింది.

ఆయుధ లైసెన్సు ఇచ్చేదీ, రద్దు చేసేదీ మన జిల్లాల్లో కలెక్టరే, కమిషనరేట్లలో పోలీసు కమిషనర్. అదే అత్యాచారాల నిరోధక నియమాల కింద మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాల్సిన జిల్లా విజిలెన్స్ కమిటీకి అధ్యక్షుడు కూడా కలెక్టరే. ఆ కమిటీలో దళిత సంఘాల ప్రతినిధులకు చోటు ఉంది. వచ్చే సమావేశంలో కలెక్టర్‌ను రెండు లెక్కలు రాతపూర్వకంగా అడగాలి. సమస్యాత్మకం అని గుర్తించిన గ్రామాల్లో ఇప్పుడు ఎన్ని లైసెన్సు తుపాకులు ఎవరి ఇళ్ళలో ఉన్నాయి? మూడో నియమం కింద ఈ జిల్లాలో ఇప్పటిదాకా ఎన్ని లైసెన్సులు రద్దయ్యాయి? మిన్నెసోటాలో ఆ పర్మిట్ ఇచ్చే అధికారిని ఎదురుగా కూర్చోబెట్టి ఇలా అడిగే వీలు కాస్టీల్ వాళ్ళకు లేదు. మనకు నియమం ఉంది, కమిటీ ఉంది, ఆ కమిటీలో కుర్చీ ఉంది.